టెక్సస్ హైస్కూల్ డిప్లొమా: ఇండియా నుంచి మధ్యలో వచ్చిన పిల్లలకు క్రెడిట్ల లెక్క ఎలా చూసుకోవాలి

"మావాడు హైదరాబాద్‌లో తొమ్మిదో తరగతి అయ్యాక వస్తున్నాడు, ఇక్కడ ఏ క్లాసులో వేస్తారు?" వేసవి వచ్చిందంటే ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న పడుతూనే ఉంటుంది. జవాబులూ మామూలే. ఒకరు టెన్త్‌లో వేశారంటారు, ఇంకొకరు మళ్లీ నైన్త్‌లోనే కూర్చోబెట్టారంటారు. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: అక్కడ చదివినదానికి ఇక్కడ ఎన్ని క్రెడిట్లు రాస్తారు, ఇంకా ఎన్ని మిగులుతాయి? ఏ క్లాసులో కూర్చున్నా క్రెడిట్లు నిండితేనే డిప్లొమా.

ఇక్కడ రాసేదంతా టెక్సస్ ప్రభుత్వ హైస్కూళ్ల సంగతి. మీరు వేరే రాష్ట్రంలో ఉంటే ఈ అంకెలు పట్టుకోకండి. న్యూజెర్సీలో 120 క్రెడిట్లు కావాలి, కానీ అక్కడ ఏడాది కోర్సుకు 5 క్రెడిట్లు ఇస్తారు. కాలిఫోర్నియాలో రాష్ట్రం అడిగే కనీసం 13 ఏడాది కోర్సులే, దానిమీద స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్ తన కోర్సులు కలుపుతుంది. టెక్సస్‌లో ఏడాది కోర్సుకు 1 క్రెడిట్, ఒక సెమిస్టర్‌కు అర క్రెడిట్.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

విమానం ఎక్కకముందే తెచ్చుకోండి. ఇక్కడికి వచ్చాక అక్కడి స్కూలు ఆఫీసుతో ఫోన్లో పని జరిపించుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

- తొమ్మిదో తరగతి నుంచి ప్రతి ఏడాదికీ ప్రోగ్రెస్ రిపోర్టు లేదా మార్కుల మెమో. టెన్త్ అయితే బోర్డు మెమో, ఇంటర్ ఫస్టియర్ అయితే ఆ మెమో.
- టీసీ, స్టడీ సర్టిఫికెట్.
- స్కూలు లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం. ఏ సబ్జెక్టులు చదివారో, వారానికి ఎన్ని పీరియడ్లో, పాస్ మార్కు ఎంతో అందులో ఉండాలి. దీని అవసరం రెండో మెట్టులో చెబుతాను.
- తొమ్మిది, పది తరగతుల మ్యాథ్స్, సైన్స్ సిలబస్ కాపీ. పుస్తకాల విషయసూచిక ఫోటోలైనా సరే.
- టీకాల రికార్డు, బర్త్ సర్టిఫికెట్, ఇక్కడి ఇంటి లీజు లేదా కరెంటు బిల్లు. ఇవి చేర్పించడానికి.
- ఒక కాగితం, పెన్సిల్. కాదంటే ఎక్సెల్ షీటు.

తొమ్మిదికి ముందు చదివింది సాధారణంగా లెక్కలోకి రాదు. ఇక్కడే మిడిల్ స్కూల్ చదివి, ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్, స్పానిష్ వన్ లాంటి హైస్కూల్ కోర్సులు పూర్తి చేసిన పిల్లలకు మాత్రం వాటి క్రెడిట్ ఉంటుంది.

ఏం నిండాలి

టెక్సస్‌లో దీన్ని ఫౌండేషన్ హైస్కూల్ ప్రోగ్రామ్ అంటారు. 2014-15లో తొమ్మిదిలో చేరిన పిల్లల నుంచి అమల్లో ఉంది. కనీసం 22 క్రెడిట్లు:

- ఇంగ్లిష్ 4: వన్, టూ, త్రీ, ఆపైన ఒక అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ కోర్సు
- మ్యాథ్స్ 3: ఆల్జీబ్రా వన్, జామెట్రీ, ఇంకొక పై స్థాయి కోర్సు
- సైన్స్ 3: బయాలజీ తప్పనిసరి. రెండోది ఐపీసీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపిన కోర్సు) కావచ్చు లేదా పై స్థాయిది. మూడోది పై స్థాయిదే
- సోషల్ 3: యూఎస్ హిస్టరీ 1, గవర్నమెంట్ అర, ఎకనామిక్స్ అర, వరల్డ్ హిస్టరీ లేదా వరల్డ్ జాగ్రఫీ 1
- ఇంగ్లిష్ కాని భాష 2, రెండూ ఒకే భాషలో
- పీఈ 1
- ఫైన్ ఆర్ట్స్ 1
- ఎలెక్టివ్‌లు (పిల్లలు తామే ఎంచుకునే కోర్సులు) 5

దీనికి ఎండార్స్‌మెంట్ (పిల్లలు ఎంచుకునే ఒక ప్రత్యేక రంగం) కలిపితే 26 అవుతాయి. అదనపు నాలుగు ఇవి: ఇంకో మ్యాథ్స్, ఇంకో సైన్స్, ఇంకో రెండు ఎలెక్టివ్‌లు. మీ లెక్క 26తోనే మొదలుపెట్టండి. 22తో డిప్లొమా రాదని కాదు. పదో తరగతి అయ్యాక తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఎండార్స్‌మెంట్ వదిలేయడానికి వీలుంది, అలా వదిలేస్తే పై చదువు దారి ఇరుకవుతుంది. అది మూడో మెట్టులో.

1. ఏ ఏడాది నిబంధనలు మీకు వర్తిస్తాయో తేల్చుకోండి

పిల్లలు మొదటిసారి తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన ఏడాదిని బట్టి నిబంధనలు ఉంటాయి. మూడేళ్ల కిందట పక్కింటి అక్క కూతురికి వర్తించినవి మీ అబ్బాయికి అచ్చంగా వర్తించకపోవచ్చు. ఉదాహరణకు, 2026-27లో తొమ్మిదిలో చేరేవాళ్ల నుంచి పర్సనల్ ఫైనాన్షియల్ లిటరసీ అర క్రెడిట్ తప్పనిసరి చేస్తూ 2025లో చట్టం వచ్చింది. స్టార్ అనే రాష్ట్ర పరీక్షలను 2027-28 నుంచి మార్చేందుకూ అదే ఏడాది ఇంకో చట్టం చేశారు. అందుకే కౌన్సెలర్‌ను అడిగేటప్పుడు "మా అమ్మాయి ఇండియాలో ఫలానా ఏడాది తొమ్మిదిలో చేరింది, ఏ ఏడాది గ్రాడ్యుయేషన్ షీటు వాడుతున్నారు?" అని సూటిగా అడగండి, ఆ షీటు కాపీ తీసుకోండి.

దాంతోపాటే డిస్ట్రిక్ట్ సొంత నిబంధనలూ అడగండి. హెల్త్ అర క్రెడిట్ రాష్ట్రం తప్పనిసరి అనదు, చాలా డిస్ట్రిక్టులు అంటాయి. స్పీచ్ కోర్సు సంగతీ కొన్నిచోట్ల అంతే.

2. ఇండియా మార్కులను క్రెడిట్లుగా రాయించుకోండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. తొందరపడి సంతకం పెట్టేసి వచ్చేస్తే తరవాత రెండేళ్లు తిరగాలి.

మొదటి చిక్కు పాస్ మార్కు. ఇక్కడ 70 వస్తేనే పాస్. మన టెన్త్, ఇంటర్‌లో 35కి పాస్, సీబీఎస్ఈలో 33కి. ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో 62 శాతం వచ్చిన పిల్లాడి మెమో చూసి, ఇండియా పద్ధతి తెలియని రిజిస్ట్రార్ దాన్ని ఫెయిల్ కింద జమకట్టే ప్రమాదం ఉంది. అందుకే ఆ లెటర్‌హెడ్ ఉత్తరంలో పాస్ మార్కు, ఏ శాతానికి ఏ గ్రేడో రాయించమన్నది. మెమో వెనకవైపు గ్రేడ్ల పట్టిక అచ్చువేసి ఉంటే రెండు వైపులా స్కాన్ చేసి ఇవ్వండి. కొన్ని డిస్ట్రిక్టులు విదేశీ మార్కులను జీపీఏలో కలపకుండా ఉత్త పాస్‌గా రాస్తాయి. క్రెడిట్ వరకు అది చాలు. ర్యాంకు మీద ఎలా పడుతుందో మాత్రం విడిగా అడగండి.

రెండో చిక్కు మ్యాథ్స్. మన దగ్గర తొమ్మిదిలో బీజగణితం, రేఖాగణితం, క్షేత్రమితి అన్నీ కొంచెం కొంచెం కలిసి నడుస్తాయి. ఇక్కడ ఆల్జీబ్రా వన్ ఏడాది, జామెట్రీ ఏడాది, ఆల్జీబ్రా టూ ఏడాది. మన తొమ్మిదో తరగతి మ్యాథ్స్ దేనికి సమానం? ఒక కౌన్సెలర్ ఆల్జీబ్రా వన్ అంటారు, ఇంకొకరు ఎలెక్టివ్ అంటారు. సిలబస్ కాపీ పని చేసేది ఇక్కడే. అయినా ఒప్పుకోకపోతే క్రెడిట్ బై ఎగ్జామ్ (పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే పద్ధతి) రాయించండి. ముందుగా తరగతిలో చదవని సబ్జెక్టుకు 80 శాతం రావాలి, ఇదివరకు చదివి క్రెడిట్ దొరకని సబ్జెక్టుకు 70 చాలు. మొదటి రకం పరీక్షకు డిస్ట్రిక్టులు ఏడాదికి నాలుగుసార్లు అవకాశం ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ గడువు పరీక్షకు చాలా ముందే ముగిసిపోతుంది, తేదీలు మొదటి వారంలోనే అడిగి పెట్టుకోండి.

సైన్స్‌కూ అదే తంటా. సీబీఎస్ఈ తొమ్మిదిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఒకే పుస్తకం. దాన్ని ఐపీసీగానో, సైన్స్ ఎలెక్టివ్‌గానో రాస్తారు. బయాలజీగా రాయలేదని గొడవపడకండి. ఆ కోర్సు ఇక్కడ చదివితేనే పిల్లలకు మంచిది, దానికి రాష్ట్ర పరీక్ష కూడా ఉంది.

సోషల్‌లో యూఎస్ హిస్టరీ, గవర్నమెంట్ ఎలాగూ ఇక్కడే చదవాలి. మన సోషల్‌ను వరల్డ్ హిస్టరీ లేదా జాగ్రఫీ కింద రాయమని అడగొచ్చు.

భాష దగ్గర మాత్రం మనవాళ్లు చేతికొచ్చినదాన్ని వదిలేసుకుంటారు. తొమ్మిదిలో, పదిలో తెలుగో హిందీయో చదివిన పిల్లలకు అదే ఇంగ్లిష్ కాని భాష. రెండేళ్లు చదివితే రెండు క్రెడిట్లూ అడగండి. ఒక ఏడాదే ఉంటే రెండోదానికి పరీక్ష దారి ఉంది. అవాంట్ సంస్థ నడిపే స్టాంప్ పరీక్షలో తెలుగు కూడా ఉంది. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం చూసి స్థాయి ఇస్తారు. మీ డిస్ట్రిక్ట్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో, ఏ స్థాయికి ఎన్ని క్రెడిట్లో ముందే అడగండి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలు కూడా రాత దగ్గర తడబడతారు, కొన్ని వారాలు తెలుగు పేరాలు టైపు చేయించండి. ఇది అడగడం తెలియక, చక్కగా తెలుగు చదివొచ్చిన పిల్లని స్పానిష్ వన్‌లో కూర్చోబెట్టిన ఇళ్లు ఎన్నో.

భాషకు బదులు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ రెండు క్రెడిట్లు పెట్టుకునే వెసులుబాటు టెక్సస్‌లో ఉంది. డిప్లొమాకు పనికొస్తుంది. కానీ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లాంటివి దాన్ని భాషగా ఒప్పుకోవు. రాష్ట్రం దాటి అప్లై చేసే ఆలోచన ఉంటే ఈ దారి వద్దు.

ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లలకు ఇంగ్లిష్ వన్, టూ బదులు ఈఎస్ఓఎల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పే కోర్సు) వన్, టూ ఉంటాయి. వాటికీ పూర్తి క్రెడిట్ ఉంది. చిన్నతనంగా అనుకోకండి.

3. ఎండార్స్‌మెంట్ ఎంచుకుని ప్లాన్ మీద సంతకం పెట్టండి

ఐదున్నాయి: స్టెమ్, బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ. మనవాళ్లందరూ కళ్లు మూసుకుని స్టెమ్ అంటారు. తప్పేం లేదు. కానీ స్టెమ్‌కు ఆల్జీబ్రా టూ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడూ ఉండాలి, వాటితోపాటు కంప్యూటర్ సైన్స్ వరుసో, ఐదో మ్యాథ్సో, ఐదో సైన్సో ఏదో ఒకటి పూర్తి చేయాలి. పదకొండులో వచ్చిన పిల్లలకు ఆ వరుస కుదరకపోతే మల్టీడిసిప్లినరీ తేలిక. ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, సోషల్ నాలుగింటిలో నాలుగేసి క్రెడిట్లు, ఇంగ్లిష్ ఫోర్, కెమిస్ట్రీ లేదా ఫిజిక్స్ ఉంటే సరిపోతుంది. ఎండార్స్‌మెంట్ పేరు చూసి కాలేజీలో సీటు ఇస్తారన్నది అపోహ.

ఎండార్స్‌మెంట్‌కు ఆల్జీబ్రా టూ కలిపి నాలుగు మ్యాథ్స్, నాలుగు సైన్స్ ఉంటే డిస్టింగ్విష్డ్ లెవెల్ వస్తుంది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో టాప్ 10 శాతం పిల్లలకు ఉండే ఆటోమేటిక్ అడ్మిషన్‌కు ఈ లెవెల్ ఉండాలి. యూటీ ఆస్టిన్‌లో ఆ గీత ఇంకా పైన, 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి టాప్ 5 శాతం. ర్యాంకు ఉన్నా ఆల్జీబ్రా టూ లేకపోతే ఈ దారి మూసుకున్నట్టే.

తొమ్మిదో తరగతి పిల్లలకు పర్సనల్ గ్రాడ్యుయేషన్ ప్లాన్ అని ఒకటి తయారుచేసి, విద్యార్థి, తల్లి లేదా తండ్రి సంతకం తీసుకుంటారు. మధ్యలో వచ్చినవాళ్ల విషయంలో ఇది జారిపోయే అవకాశం ఉంది. మీరే అడగండి.

4. మీ షీటు మీరే గీయండి

హైదరాబాద్‌లో సీబీఎస్ఈ తొమ్మిది పూర్తిచేసి ఆగస్టులో టెన్త్‌లో చేరిన అమ్మాయి అనుకుందాం. డిస్ట్రిక్ట్ ఆరు క్రెడిట్లు రాసింది: ఇంగ్లిష్ వన్, ఆల్జీబ్రా వన్, ఐపీసీ, వరల్డ్ జాగ్రఫీ, తెలుగు మొదటి ఏడాది, కంప్యూటర్ ఒక ఎలెక్టివ్.

మిగిలినవి 20:

- ఇంగ్లిష్ 3
- మ్యాథ్స్ 3: జామెట్రీ, ఆల్జీబ్రా టూ, ప్రీకాలిక్యులస్
- సైన్స్ 3: బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్
- సోషల్ 2: యూఎస్ హిస్టరీ, గవర్నమెంట్, ఎకనామిక్స్
- భాష 1
- పీఈ 1
- ఫైన్ ఆర్ట్స్ 1
- ఎలెక్టివ్‌లు 6

ఏడు పీరియడ్ల స్కూల్లో మూడేళ్లకు 21 వస్తాయి. అంటే చేతిలో మిగిలేది ఒకే ఒక్క క్రెడిట్. ఎనిమిది పీరియడ్ల బ్లాక్ షెడ్యూల్ అయితే 24, కాస్త ఊపిరి ఆడుతుంది. ఇప్పుడు అదే అమ్మాయికి డిస్ట్రిక్ట్ ఆరు బదులు నాలుగే రాసిందనుకోండి. ఏడు పీరియడ్ల స్కూల్లో ఒకటి తగ్గుతుంది, దాన్ని వేసవిలోనో పరీక్షతోనో పూడ్చాలి. రెండో మెట్టులో తొందరపడి సంతకం పెట్టొద్దన్నది ఇందుకే.

తెలుగు రెండో క్రెడిట్ స్టాంప్‌తో వచ్చేస్తే ఒక పీరియడ్ ఖాళీ అవుతుంది. పీఈ క్రెడిట్‌కు పీఈ క్లాసే అక్కర్లేదు: స్కూలు టీము ఆటలు, మార్చింగ్ బ్యాండ్, జేఆర్‌ఓటీసీ (మన ఎన్‌సీసీ లాంటిది) చెల్లుతాయి. బయట ఈత, జిమ్నాస్టిక్స్ లాంటివి నేర్చుకుంటుంటే ఆఫ్ క్యాంపస్ పీఈ కింద డిస్ట్రిక్ట్ ముందుగా ఆమోదించాలి. సెమిస్టర్ మొదలయ్యాక అడిగితే కుదరదు. కూచిపూడి క్లాసును ఒప్పుకుంటారా అని చాలామంది అడుగుతారు. మీ డిస్ట్రిక్ట్ జాబితాను, వారానికి ఎన్ని గంటలు కావాలన్నదాన్ని చూసుకుని టీచర్‌తో కాగితాలు నింపించండి.

5. రాష్ట్ర పరీక్షలు విడిగా చూసుకోండి

క్రెడిట్లు నిండినా స్టార్ ఎండ్ ఆఫ్ కోర్స్ పరీక్షలు ఐదు దాటాలి: ఇంగ్లిష్ వన్, ఇంగ్లిష్ టూ, ఆల్జీబ్రా వన్, బయాలజీ, యూఎస్ హిస్టరీ. ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. టెక్సస్ ప్రభుత్వ స్కూల్లో చేరకముందే ఆ కోర్సు చదివి, ఆ క్రెడిట్‌ను డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే ఆ పరీక్ష రాయక్కర్లేదు. పైన చెప్పిన అమ్మాయికి ఇంగ్లిష్ వన్, ఆల్జీబ్రా వన్ పరీక్షలు తప్పుతాయి, మూడే మిగులుతాయి. ముందుగా చదవకుండా క్రెడిట్ బై ఎగ్జామ్‌లో 80 తెచ్చుకున్న సబ్జెక్టుకూ ఇదే మినహాయింపు.

ఇది రికార్డులో ఎక్కకపోతే పిల్లల పేరు ఆల్జీబ్రా పరీక్ష జాబితాలో వస్తూనే ఉంటుంది. టెస్టింగ్ కోఆర్డినేటర్‌కు ఈమెయిల్ పెట్టండి.

తప్పితే కంగారు వద్దు, డిసెంబరు, వసంతం, జూన్‌లలో మళ్లీ రాయొచ్చు. చివరికి రెండింటికి మించకుండా మిగిలిపోతే ఇండివిడ్యువల్ గ్రాడ్యుయేషన్ కమిటీ అని ఒకటి కూర్చుని, ప్రాజెక్టు లాంటి అదనపు పని చేయించి డిప్లొమాకు సిఫార్సు చేయొచ్చు.

6. ఇండియా టికెట్లు కొనేముందు క్యాలెండర్ చూడండి

టెక్సస్‌లో 90 శాతం హాజరు నిబంధన ఉంది. ఆ క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం వస్తేనే క్రెడిట్. సెమిస్టర్ 85 రోజులనుకుంటే 8 రోజులకు మించి మానకూడదు. సంక్రాంతికి ఇంటికి వెళ్లి జనవరి చివర్లో వస్తే ఒక్క ప్రయాణంతోనే ఇది దాటిపోతుంది. మార్కులు 95 ఉన్నా సరే, ట్రాన్‌స్క్రిప్ట్‌లో క్రెడిట్ ఆగిపోతుంది. పెళ్లని, ఊరెళ్లామని ఉత్తరం ఇచ్చినంత మాత్రాన సరిపోదు. హాజరు 75కు, 90కు మధ్య ఉంటే ప్రిన్సిపల్ ఒప్పుకున్న ప్లాన్ ప్రకారం గంటలు పూడ్చుకోవచ్చు. అంతకంటే తగ్గితే అటెండెన్స్ కమిటీ ముందుకు. తప్పనిసరి ప్రయాణమైతే వెళ్లకముందే అసిస్టెంట్ ప్రిన్సిపల్‌ను కలిసి, ఏ గంటలు ఎలా పూడ్చాలో రాయించుకోండి.

7. చిన్నవని వదిలేసేవి

సీనియర్ ఏడాది మేలో హఠాత్తుగా బయటపడేవి ఇవే.

ఆర్థిక సహాయం ఫారం: ఫాఫ్సా (ఫెడరల్ సహాయానికి) గానీ టాస్ఫా (టెక్సస్ సహాయానికి) గానీ నింపాలి, కాదంటే వద్దని సంతకం చేసిన ఆప్ట్ అవుట్ ఫారం ఇవ్వాలి. హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సహాయం రాదు కాబట్టి మాకిది అక్కర్లేదనుకుంటారు. సహాయం అక్కర్లేదు, ఫారం కావాలి. ఆప్ట్ అవుట్ ఒక్క పేజీ పని.

సీపీఆర్ శిక్షణ, పోలీసు అధికారి ఆపినప్పుడు ఎలా నడుచుకోవాలన్న పాఠం, స్పీచ్ నైపుణ్యం: మామూలుగా ఇవి ఏదో ఒక కోర్సులో కలిపేస్తారు. పదకొండులోనో పన్నెండులోనో వచ్చిన పిల్లలకు ఆ కోర్సు అప్పటికే దాటిపోయి ఉంటుంది. జరిగినట్టు రికార్డులో ఉందా అని అడగండి.

ఎకనామిక్స్, గవర్నమెంట్ సెమిస్టర్ కోర్సులు. ఒకటి ఫాల్‌లో, ఒకటి స్ప్రింగ్‌లో ఉందో లేదో షెడ్యూల్లో చూడండి. రెండిట్లో ఒకటి రాలిపోతే అర క్రెడిట్ కోసం డిప్లొమా ఆగుతుంది.

8. సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి

రిపోర్టు కార్డు చూసి నిశ్చింతగా ఉండకండి. దాంట్లో మార్కులే ఉంటాయి. ట్రాన్‌స్క్రిప్ట్ అడగండి, టెక్సస్‌లో దాని అధికారిక పేరు అకడమిక్ అచీవ్‌మెంట్ రికార్డ్. ప్రతి జనవరిలో, ప్రతి జూన్‌లో అన్‌అఫీషియల్ కాపీ తీసుకుని మీ షీటు పక్కన పెట్టి, ఒక్కొక్క వరుసా పెన్సిల్‌తో టిక్కు పెడుతూ వెళ్లండి.

చూడవలసినవి:

మొదట, మార్కు ఉండి క్రెడిట్ గడి ఖాళీగా ఉన్న వరుసలు. హాజరు వల్లో, అక్కడి కాగితం రాకపోవడం వల్లో అలా ఉంటుంది.

రెండోది, ఒకే కోర్సు రెండుసార్లు ఎక్కడం. ఇండియా నుంచి ఆల్జీబ్రా వన్ రాసి, మళ్లీ ఇక్కడ ఆల్జీబ్రా వన్ చదివిస్తే క్రెడిట్ ఒకటే. మొత్తంలో 26 కనిపించినా నిజానికి 25.

మూడోది, ఇండియా కోర్సులు ఏ గడిలో పడ్డాయి. వరల్డ్ జాగ్రఫీ కావలసింది "సోషల్ ఎలెక్టివ్"గా పడితే సోషల్‌లో ఒకటి తగ్గుతుంది, ఎలెక్టివ్‌లో ఒకటి పెరుగుతుంది. మొత్తం మారదు కాబట్టి ఎవరి కంటికీ ఆనదు.

నాలుగోది, ఒక సెమిస్టర్ తప్పినచోట. ఫాల్‌లో 66, స్ప్రింగ్‌లో 76 వస్తే సగటు 71, ఏడాది కోర్సుకు పూర్తి క్రెడిట్ రావాలి. రాయకపోతే అడగండి. సగటు కూడా 70కి తగ్గితే తప్పిన సగం మాత్రమే మళ్లీ చేయాలి, ఏడాదంతా కాదు. సమ్మర్ స్కూలు, క్రెడిట్ రికవరీ, క్రెడిట్ బై ఎగ్జామ్ మూడు దారులున్నాయి.

తేడా కనిపిస్తే ఫోన్ చేయకండి, ఈమెయిల్ రాయండి. కోర్సు పేరు, ఏడాది, ఉన్నది, ఉండవలసింది నాలుగు వరుసల్లో చాలు. కౌన్సెలర్‌కు వందల పిల్లలుంటారు, మర్యాదగా గుర్తుచేస్తే విసుక్కోరు. తరవాతి ఏడాది కోర్సుల ఎంపిక చాలా స్కూళ్లలో జనవరి, ఫిబ్రవరిలోనే జరిగిపోతుంది. అందుకే జనవరి తనిఖీ ముఖ్యం.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) అనే కాలేజీ స్థాయి కోర్సుల పోటీ. "వాళ్లబ్బాయి పది తీసుకున్నాడట" అని పన్నెండు పెట్టించి, ఫైన్ ఆర్ట్స్, హెల్త్, పీఈ తరవాత చూద్దాంలే అనుకోవడం. డిప్లొమాకు ఆ కోర్సులు ఎన్ని అన్నది లెక్కే కాదు. ఏపీ ఫిజిక్స్‌లో 5 వచ్చినా ఫైన్ ఆర్ట్స్ గడి ఖాళీగా ఉంటే గ్రాడ్యుయేషన్ గౌను వేసుకోనివ్వరు. నా మాట వింటే, అప్రధానం అనిపించే క్రెడిట్లు టెన్త్, లెవెంత్ పూర్తయ్యేలోపే ముగించండి. సీనియర్ ఏడాది ఫాల్ అంతా కాలేజీ అప్లికేషన్లతోనే సరిపోతుంది.

తిరిగి ఇండియాకు వెళ్లే ఆలోచన ఉంటే

వీసా పరిస్థితి చూసి చాలామంది ఈ దారి కూడా తెరిచి ఉంచుకుంటున్నారు. అమెరికా పన్నెండో తరగతికి ఇండియాలో సమానత పత్రం ఇచ్చేది అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్. ఇంజనీరింగ్ అయితే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, మెడిసిన్ అయితే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ పదకొండు, పన్నెండు తరగతుల్లో కనిపించాలి. ఇక్కడ బయాలజీ తొమ్మిదిలోనో పదిలోనో అయిపోతుంది. కాబట్టి నీట్ ఆలోచన ఉంటే పై రెండేళ్లలో ఏపీ బయాలజీ లాంటి ఇంకో బయాలజీ కోర్సు పెట్టించండి. డిప్లొమా, ట్రాన్‌స్క్రిప్ట్ రెండింటికీ టెక్సస్‌లో ఉండగానే ఆపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించుకుని, సీలు విప్పని అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్‌లు రెండు మూడు అదనంగా తీసుకెళ్లండి.